యెన్నికల నిస్పృహ – మన సాహిత్యం

యెన్నికలు దగ్గరపడేసరికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో వామపక్షాభిమానులైన చదువుకున్నవారిని వొక జబ్బు పట్టుకుంటుంది. యీ జబ్బు సోకినవాడు ముందు నిట్టూర్చి, “యిది రవి నారాయణరెడ్డిని గెలిపించిన గడ్డ” అంటాడు. తరవాత వేళ్లు మడిచి లెక్కలు వేస్తాడు. చివరకు, “మనవాడికి వేస్తే వోటు మురిగిపోతుంది” అంటాడు. మొదటి మాట చరిత్ర అనీ, రెండోది గణితమనీ, మూడోది రాజకీయమనీ అతడి నమ్మకం. నేను యీ మూడింటినీ సాహిత్యంగానే పరిశీలించదలచాను. యెందుకంటే యీ నిట్టూర్పుకు వొక రూపం వుంది. ఆ రూపం స్మృతిగీతానిది. దాన్ని అతడికి నేర్పినవాళ్లం చాలావరకు మనమే, అంటే ప్రగతిశీల రచయితలమూ, విమర్శకులమూ, పాఠాలు చెప్పేవాళ్లమూను.

యీ నిస్పృహ బాగా ముదిరిన సందర్భం 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ శాసనసభ యెన్నిక. అంతకు సరిగ్గా వొక సంవత్సరం ముందు, 2022 నవంబరులో, మునుగోడు వుప యెన్నికలో రెండు కమ్యూనిస్టు పార్టీలూ అధికార పార్టీకి మద్దతిచ్చాయి. ఆ వోట్లే గట్టెక్కించాయని గెలిచినవారు కూడ వొప్పుకున్నారు. 2023 ఆగస్టులో అదే అధికార పార్టీ తన అభ్యర్థుల పట్టికను ప్రకటించినప్పుడు ఆ మిత్రులకు వొక్క స్థానం కూడ మిగల్చలేదు. తరవాత కాంగ్రెసుతో బేరం జరిగింది. సి.పి.ఐ.కి కొత్తగూడెం దక్కింది, గెలిచింది కూడ. సి.పి.ఎం.కు మిర్యాలగూడ దక్కలేదు, పొత్తు కుదరలేదు. ఆ పార్టీ వొంటరిగా పోటీ చేసి రాష్ట్రంలో వొక్క స్థానమూ గెలవలేదు. మిర్యాలగూడ నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్లిన జూలకంటి రంగారెడ్డికి ధరావతు కూడ దక్కలేదు.

యిది బాధాకరమైన విషయమే. కాని నన్ను ఆశ్చర్యపరిచింది ఫలితం కాదు. ఫలితానికి నెలరోజుల ముందే మనవాళ్లు దినకర్మలు ప్రారంభించడం. వోటు పడకముందే ఓటమిని గూర్చి కవిత్వం పలికినవాళ్లు, వోటు పడినరోజున మరొకరికి వేసివచ్చారు. అదేమిటంటే మురిగిపోతుందన్నారు. నిస్పృహ ఫలితాన్ని ముందుగా చూసిందని మనం అనుకుంటాం. ఆ ఫలితంలో నిస్పృహ వాటా యెంతో యెవరూ లెక్కగట్టరు.

లెక్కలంటే గుర్తుకు వచ్చింది. రంగారెడ్డి గెలిచిన మూడు యెన్నికలు 1994, 2004, 2009. మొదటిసారి తెలుగుదేశంతో పొత్తు, రెండవసారి కాంగ్రెసుతో, మూడవసారి తెలుగుదేశం, తెరాసలు కలిసిన మహాకూటమితో. అంటే మనం గతవైభవమని తలుచుకునే ఆ గెలుపులన్నీ పొత్తుల గెలుపులు. పొత్తు వున్నప్పుడు వచ్చిన వోట్లన్నీ మనవేననుకున్నాం, పొత్తు పోయాక రానివన్నీ మనం పోగొట్టుకున్నవనుకుంటున్నాం. వున్నది యెంతో యెన్నడూ తూచి చూడనివాడికి పోయింది యెంతో యెలా తెలుస్తుంది?

యిక ఆ మొదటి మాట, “యిది రవి నారాయణరెడ్డిని గెలిపించిన గడ్డ” అన్నది. నిజమే. 1952లో నల్లగొండ పార్లమెంటు స్థానంలో ఆయనకు జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటికన్న యెక్కువ వోట్లు వచ్చాయి. అయితే ఆ యెన్నికకు ముందు వున్న పరిస్థితిని మన స్మృతిగీతాలు ఎగరగొట్టేస్తాయి. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. విరమణ సరైనదా కాదా అని పార్టీలోనే తీవ్రమైన తగాదా. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం. అందుకే ప్రజాస్వామిక ఫ్రంటు, పి.డి.యఫ్., అనే పేరుతో పోటీ చేయవలసి వచ్చింది. కార్యకర్తలు అనేకులు యింకా జైళ్లలో వున్నారు. 1948 సెప్టెంబరు తరవాత సైన్యం చేసిన హత్యలూ, చిత్రహింసలూ ప్రతి వూళ్లోనూ పచ్చిగానే వున్నాయి. నిస్పృహ చెందడానికి మంచి కారణాలు వుండాలంటే, యీ జిల్లా చరిత్రలో అంతకన్న మంచి కారణాలు మళ్లీ యెప్పుడూ దొరకలేదు. ఐనా జనం బారులు తీరి వోటు వేశారు. సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం శాసనసభకు వెళ్లాడు.

యెందుకు వేశారు? వీరులు కనుక అంటే అది కవిత్వం. వాళ్లకు ఆ వోటుతో వొక పని వుంది. పోరాటకాలంలో సంగం పంచిన భూమిలో కొంత యింకా చేతిలో వుంది, కొంత దొర తిరిగి లాక్కున్నాడు, కొంతమీద తగాదా వుంది. వెట్టి పోయింది గాని మళ్లీ రాదన్న హామీ లేదు. గ్రామాలకు తిరిగివస్తున్న దొరలు యెంతమేరకు తిరిగివస్తారన్నది తేలవలసివుంది. అటువంటి ప్రశ్న ముందు నిలబడినవాడు తన వోటు మురిగిపోతుందా అని అడగడు. వోటు అతడికి జోస్యం కాదు, పనిముట్టు. పార అడుగున బండ తగిలినంతమాత్రాన యెవరూ పారను గూర్చి విషాదగీతాలు రాయరు.

1955 సంగతి యిలాంటిదే, కాని వేరు. ఆంధ్రరాష్ట్రంలో ఆ సంవత్సరం జరిగిన మధ్యంతర యెన్నిక కోదాడకు అవతలి గట్టున జరిగింది, యివతల తెలంగాణలో కాదు. ఐనా దాని నీడ యిరువైపులా పడింది. గెలిచి ప్రభుత్వం యేర్పరుస్తామనుకున్న కమ్యూనిస్టు పార్టీకి 196 స్థానాలలో 15 వచ్చాయి. 1952లో అదే ప్రాంతంలో 41 వచ్చాయి. ఆ దెబ్బతో అభ్యుదయ సాహిత్యోద్యమం స్తబ్ధతకు లోనయిందన్నది సాహిత్యచరిత్రలు చెప్పేమాటే. కాని ఆ యెన్నికలో పార్టీకి దాదాపు 31 శాతం వోట్లు వచ్చాయి. యెక్కువ స్థానాలలో పోటీ చేసినందువల్ల కొంత పెరిగిందనుకున్నా, 1952లో వచ్చినదానికన్న అది యెక్కువే. కాంగ్రెసు, కృషికార్ లోక్‌పార్టీ, ప్రజాపార్టీ వొక ఫ్రంటుగా ఏర్పడి పోటీని ముఖాముఖీ చేయడంతో స్థానాలు కూలిపోయాయి. ముగ్గురిలో వొకడు వోటు వేసిన పార్టీ తుడిచిపెట్టుకుపోయిందని మన కవులు నమ్మారు. ఆ ముగ్గురిలో వొకడి సంగతి యేమిటని వొక్క కవి అయినా అడిగివుంటే, తరవాత పదిహేనేళ్ల తెలుగు కవిత్వం మరోవిధంగా వుండేదేమో.

యిది మనకు మాత్రమే వున్న రోగం కాదు. బ్రిటనులో 1951లో లేబరు పార్టీకి టోరీలకన్న యెక్కువ వోట్లు వచ్చాయి, ప్రభుత్వం మాత్రం పోయింది. 2019 డిసెంబరు యెన్నికకు ముందు అక్కడి వామపక్ష వోటర్లు యెంత దిగులుపడ్డారో చెప్పనవసరం లేదు. ఆ దిగులు ఫలించి లేబరుకు 202 స్థానాలే వచ్చాయి. 2024 జులైలో అదే పార్టీకి 411 వచ్చాయి, లోకమంతా ఘనవిజయమంది. చిత్రమేమంటే 2024లో ఆ పార్టీకి పడిన మొత్తం వోట్లు 2019లో పడినవాటికన్న తక్కువ! తక్కువమంది వేసిన యెన్నిక పండగయింది, యెక్కువమంది వేసిన యెన్నిక చావయింది. స్థానాలను చూసి యేడవడమూ, స్థానాలను చూసి నవ్వడమూ రెండూ వొకే అలవాటు.

ఐతే బ్రిటిషువాళ్లు వొకపని చేశారు. 1992లో గెలుస్తుందనుకున్న లేబరు పార్టీ ఓడిపోయింది. డేవిడ్ హేర్ అనే నాటకకర్త ఆ ప్రచారాన్ని లోపలి నుంచి గమనించి ‘ది ఆబ్సెన్స్ ఆఫ్ వార్’ అనే నాటకం రాస్తే 1993లో అక్కడి నేషనల్ థియేటరు ఆడింది. ఆ నాటకంలో లోపం వుంది. అది నాయకుడి విషాదం, వోటరు అందులో సోదిలోకి కూడ రాడు. సలహాదారులూ, ఉపన్యాసాలూ, టెలివిజనూ – యింతే. కాని ఓడిపోబోయే పార్టీ లోపల యేం జరుగుతుందో, మాట యెలా చచ్చుపడుతుందో అందులో కనబడుతుంది. మనకు అదీ లేదు.

మన నవలలు చూడండి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ సాయుధ పోరాటానికి ముందే ఆగిపోతుంది. ‘గంగు’ పూర్తికాకుండానే 1961లో ఆయన పోయాడు. మూడో సార్వత్రిక యెన్నిక ముంగిట్లో వున్న సంవత్సరం అది. నకిరేకల్లు ప్రాంతపు మనిషి, జైలు చూసినవాడు, జనం బాలెట్ పెట్టెముందు నిలబడడం చూసినవాడు. ఆ ఘట్టాన్ని ఆయన రాసివుంటే యెలా వుండేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’ నిజాం పాలనలోని కథలు. ‘జనపదం’ మాత్రం పోలీసుచర్య తరవాతి కాలంలోకి వచ్చింది, అందుకే మనవాళ్లు దాన్ని తక్కువగా చదువుతారు. ‘మా భూమి’ నాటకం 1947 నాటిది, దానికి యీ బాధ్యత లేదు. తుపాకి పట్టిన రైతుకు మన సాహిత్యంలో శిల్పం వుంది. అతడే మూడేళ్లు తిరగకుండా వోటు పట్టుకుని నిలబడితే, అతడికి వొక మంచి కథ కూడ దక్కలేదు. దక్కనందువల్లనే అతడి మనవడికి యెన్నికలనాడు తాత జ్ఞాపకం వస్తాడుగాని, తాత వేసిన వోటు జ్ఞాపకం రాదు.

దిగులంతా వొకటి కాదని కూడ చెప్పాలి. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాటంలో పాల్గొన్న స్త్రీలు మాట్లాడతారు. విరమణ తరవాత తమను యిళ్లకు పంపివేయడం, ఆ యిళ్లలో తమకు చోటు లేకపోవడం, మళ్లీ వంటింట్లోకి నెట్టబడడం – అదంతా దుఃఖమే. కాని ఆ దుఃఖానికి చిరునామా వుంది. యెవరు యేం చెప్పారు, యెవరు యేం చేయలేదు, తాము యేం ఆశించాము అన్నది ఆ మాటలలో తేటగా వుంది. అది విమర్శ. దాన్ని చదివిన పార్టీ సిగ్గుపడి మారవచ్చు. మన యెన్నికల నిస్పృహకు అటువంటి చిరునామా లేదు. “కాలం మారింది”, “జనం మారారు”, “డబ్బు రాజ్యమేలుతోంది” – యిందులో కర్త యెవరు? జనం డబ్బుకు అమ్ముడుపోయారనే మాట మా తరగతిగదులలో కూడ వినిపిస్తుంది. చెప్పేవాళ్లు చాలావరకు నెలజీతగాళ్లు. కూలివాడు రెండువేలు తీసుకుంటే పతనమనే మనం, పొత్తులో వొక స్థానం కోసం పార్టీ గుమ్మం ముందు నిలబడితే వ్యూహం అంటాం.

కాలం మారిన మాట నిజమే. యెలా మారిందో కూడ చెప్పాలి కదా. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమకాలవ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను తడిపింది. సంగం పంచిన చెలకకు నీళ్లు వచ్చాయి, చెలక మాగాణి అయింది, మాగాణికి ధర వచ్చింది. ఆనాటి పేదరైతు కొడుకు నేడు కౌలుకు యిచ్చేవాడు. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు వెలిశాయి. కోతలనాడు వాటిముందు ట్రాక్టర్ల బారులు, టోకెన్ల కోసం రైతు పడిగాపులు. దొర పోయాడు. తూకం, తరుగు, తేమశాతం వచ్చాయి. హైదరాబాదు–విజయవాడ రహదారి వెంట సూర్యాపేట, కోదాడలలో ఆసుపత్రులూ, కాలేజీలూ, స్థలాల వ్యాపారం పెరిగాయి. దొరను తిట్టిన పాటతో తరుగును తిట్టడం కుదరదు. సుద్దాల హనుమంతు తన కాలంలో యేది యెదురుగా వుందో దాన్ని పాడాడు. నర్రా రాఘవరెడ్డి గొల్లసుద్దులు చెబుతూ, నకిరేకల్లు నుంచి ఆరుసార్లు గెలిచాడు. యిప్పుడు వాళ్ల బాణీలు మన సభలలో వున్నాయి, వాళ్ల చూపు లేదు.

2022 మార్చిలో మల్లు స్వరాజ్యం పోయినప్పుడూ, 2025 ఆగస్టులో, రెండుసార్లు నల్లగొండ నుంచి పార్లమెంటుకు వెళ్లిన సురవరం సుధాకరరెడ్డి పోయినప్పుడూ కవితలు కుప్పలుగా వచ్చాయి. వాటిని తప్పుపట్టను. కాని స్వరాజ్యాన్ని 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి వోటరు యెందుకు గెలిపించాడు, తరవాత యెందుకు మానుకున్నాడు అన్న ప్రశ్న ఆ కవితలలో లేదు. అది వుంటే స్మృతిగీతం పాడయిపోతుందని భయం కాబోలు. 2024లో నల్లగొండ పార్లమెంటు స్థానాన్ని కాంగ్రెసు 5,59,905 వోట్ల ఆధిక్యంతో గెలిచింది. ఆ వోట్లలో యెర్రజెండా కింద పెరిగిన యిళ్లవి యెన్నో వున్నాయి. వాళ్లెవరూ తమను తాము ద్రోహులనుకోలేదు. వాళ్లకు ఆ వోటుతో యేదో పని వుంది. ఆ పని యేమిటో వెళ్లి అడగడం కథకుడి వృత్తి.

మరొక మనిషి వున్నాడు. మిర్యాలగూడ మిల్లులలో బస్తాలు మోసేవాళ్లలో, సాగర్ ఆయకట్టులో నాట్లు వేసేవాళ్లలో యిప్పుడు బీహారునుంచి వచ్చినవాళ్లు చాలామంది. యీ తాలూకాలలో అసలు శ్రమ వాళ్లది, వోటు మాత్రం యిక్కడ లేదు. వోటు వున్నవాడు వొకడు, పని చేసేవాడు మరొకడు అయినచోట శ్రామికుల పార్టీకి వోట్లు తగ్గడంలో మార్మికత యేముంది? వామపక్షాల బలం తగ్గిందని లెక్కలు వేసే మిత్రులు యీ మనిషిని లెక్కలో వేయరు. అతడికి తెలుగు కొద్దిగా వచ్చు. యింటికి వెళ్లి వోటు వేయాలంటే రైలు ఛార్జీ, పోయిన కూలీ రెండూ భరించాలి. నీ వోటు యెక్కడ వుంది, పోయినసారి వెళ్లావా, యెవరికి వేశావు అని అతణ్ణి అడిగిన తెలుగు కథ యింతవరకు నా కంటబడలేదు.