కంప్యూటరులో కేసు షీటు: ఒక గ్రంథ విమర్శ

రోగి వివరాలను వైద్యుడు కాగితంపై వ్రాసినంతకాలం అందులోని లోపాలు పైకి కనిపిస్తూ ఉండేవి. చీటీలోని అక్షరం బోధపడకపోతే మందులిచ్చేవాడు తిరిగి అడిగేవాడు. కేసు షీటు కనపడకపోతే నర్సు వెదికేది. కంప్యూటరు ఈ రెండు చిక్కులనూ తీర్చినది. అక్షరం స్పష్టమైనది, కాగితం పోయే భయం తప్పినది. అయితే స్పష్టంగా కనిపించేదంతా సరియైనదేనా? ఈ ప్రశ్నను సామాన్య పాఠకునికి సైతం అర్థమయ్యేటట్లు చర్చించిన గ్రంథం ‘ది డిజిటల్ డాక్టర్’. ఇది 2015లో అమెరికాలో వెలువడినది. గ్రంథకర్త రాబర్ట్ వాక్టర్ శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వైద్యాచార్యుడు.

ఈ గ్రంథానికి పూర్వరంగం కొంత తెలిసి ఉండవలెను. 2008లో అమెరికాలోని సాధారణ ఆసుపత్రులలో ఎలక్ట్రానిక్ రికార్డులున్నవి నూటికి పదికి లోపే. 2009లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసి, సుమారు 3,000 కోట్ల డాలర్లను ప్రోత్సాహకంగా కేటాయించినది. రికార్డులను ‘అర్థవంతంగా వినియోగించిన’ వైద్యులకు, ఆసుపత్రులకు డబ్బు ముట్టినది. 2015 నాటికి అట్టి ఆసుపత్రులు నూటికి ఎనభైని దాటినవి. వ్యాప్తి విషయంలో చట్టం జయించినదనే చెప్పవలెను. కాని ‘అర్థవంతం’ అనేదానికి పెట్టిన కొలతలు ఎటువంటివి? పదమూడేండ్లు, ఆ పైబడిన రోగులలో సగానికి మించి పొగత్రాగే అలవాటును గురించి నమోదు చేసినారా లేదా అన్నది అందులో ఒకటి. ఎన్ని గడులు నిండినవో ఇట్టి కొలత చెప్పగలదు. ఆ గడులు నింపే వైద్యుని కంటికి తెర ఎట్లు కనిపించినదో చెప్పజాలదు.

గ్రంథంలో అన్నిటికంటె విలువైన భాగం ఒక పొరపాటు కథ. అది 2013లో రచయిత పనిచేసే ఆసుపత్రిలోనే జరిగినది, ఆయన దాచలేదు. పదహారేండ్ల బాలునికి సెప్ట్రా అనే మందు ఇవ్వవలసి ఉన్నది. అతని బరువు 38.6 కిలోగ్రాములు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున లెక్కకట్టి కంప్యూటరు 193 మిల్లీగ్రాములని చూపినది. కాని మాత్రలో ఉండేది 160 మిల్లీగ్రాములే. ఈ తేడాను ఫార్మసిస్టు గమనించి, 160 అని సరిచేయుమని వైద్యురాలిని కోరినాడు. ఆమె 160 అనే వ్రాసినది. తెరపై ఆ గడి ప్రక్కన ప్రమాణం ‘మిల్లీగ్రాములు’ కాదు, ‘కిలోకు మిల్లీగ్రాములు’.

తరువాతి లెక్క విద్యార్థులే వేయవచ్చును. 160ని 38.6తో గుణిస్తే 6,176 మిల్లీగ్రాములు. ఒక మాత్రకు 160 చొప్పున ముప్పదియెనిమిదిన్నర మాత్రలు! కంప్యూటరు హెచ్చరించకపోలేదు. కాని అది ప్రతి చిన్న విషయానికీ హెచ్చరించేది గనుక వైద్యురాలూ, ఫార్మసిస్టూ దానిని దాటిపోయినారు. యంత్రం మాత్రలను తు.చ. తప్పకుండ పొట్లం కట్టినది. నర్సుకు అనుమానం కలిగినది. బార్‌కోడు చూపితే కంప్యూటరు ‘సరియే’ అన్నది. బాలుడు అన్నిటినీ మింగి, మూర్ఛ వచ్చి ప్రాణాపాయంలో పడినాడు. అదృష్టవశాత్తు కోలుకున్నాడు.

వైద్యురాలు, ఫార్మసిస్టు, హెచ్చరికలు, యంత్రం, నర్సు, రోగి - ఇట్లు ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క అధ్యాయం కేటాయించి రచయిత కథ నడిపినాడు. ఏ మెట్టులోనూ దుర్మార్గుడు లేడు. అందరూ తమ పని తాము చేసినవారే. హెచ్చరికలు మితిమీరితే చెవి మొద్దుబారుతుందన్నది ఆయన చెప్పే ముఖ్యమైన పాఠం. ఆ విశ్వవిద్యాలయపు ఇంటెన్సివ్ కేర్ విభాగాలలోని యంత్రాల మోతలను లెక్కించి 2014లో ప్రకటించిన పరిశోధన ఇందుకు సాక్ష్యం. పడక ఒక్కింటికి దినానికి 187 మోతలు! పులి వచ్చెనని ఊరక అరిచిన పిల్లవాని కథ మన పిల్లలకు తెలిసినదే.

విమానం నడిపేవారి గదిని ఆదర్శంగా తీసుకొనుమని రచయిత సలహా. అక్కడ ప్రమాద సూచనలను తరతమ భేదంతో అమర్చుతారు. చిన్న విషయానికి పెద్ద గంట మ్రోగదు. పోలిక చక్కనిదే గాని, ఒకచోట అది కుంటుపడుతున్నది. విమానం కొన్న సంస్థ అందులోని సూచికలను తన ఇష్టం వచ్చినట్లు మార్చజాలదు. ఆసుపత్రి రికార్డు అట్లు కాదు. దానిని ఒక సంస్థ తయారుచేస్తుంది. కొన్న ఆసుపత్రి తన నియమాలను అనుసరించి సవరించుకుంటుంది. నలభై కిలోలకు లోపు బరువున్న పిల్లలకు బరువునుబట్టియే మోతాదు వ్రాయవలెనన్నది ఆ ఆసుపత్రి పెట్టుకున్న నియమం. ఉద్దేశం మంచిదే. బాలుని బరువు నలభైకి కొద్దిగా తక్కువ. గడిలో తప్పు ప్రమాణం నిలిచినది అందువల్లనే. తయారుచేసినవారికి, కొన్నవారికి నడుమ పుట్టే ఇట్టి దోషానికి ఎవరు జవాబుదారి? గ్రంథం దోషాన్ని చూపినంత గట్టిగా ఈ ప్రశ్నను నిలదీయలేదు. ఇదే దీనిలోని కొరత.

చట్టాలు చూచినా ఆ నడిమి స్థలం ఖాళీగానే కనిపిస్తుంది. 2015 నాటి అమెరికా నిబంధనలు, ధ్రువపత్రం పొందడానికి ముందు తయారీదారులు కనీసం పదిమంది చేత తెరను వాడించి చూడవలెనన్నవి. మంచి నియమమే. కాని అది ఆసుపత్రిలో సవరణలు జరుగక ముందటి పరీక్ష. 2016 నాటి చట్టం మరొక మేలు చేసినది: తెరలోని లోపాలను గురించి వైద్యులు బయట మాట్లాడకుండ కట్టడి చేసే ఒప్పందాలను నిషేధించినది. కాని ఆ చట్టమే ఇట్టి రికార్డులను, కొన్ని షరతులతో, వైద్యపరికరాల నిర్వచనం నుండి తప్పించినది. అమర్చిన తరువాత, అసలు వార్డులో, అలసిన నర్సు చేతిలో తెర ఎట్లు పనిచేస్తున్నదో పరీక్షించే బాధ్యత ఎవరిదో తేలలేదు.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. భారత ప్రభుత్వం ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల నియమావళిని 2013లో ప్రకటించి 2016లో సవరించినది. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభమైన పథకం క్రింద ప్రతి వ్యక్తి పదునాలుగంకెల ఆరోగ్య సంఖ్యను పొందవచ్చును. ఒక ఊరి ఆసుపత్రిలోని వివరం మరొక ఊరికి చేరడం గొప్ప సౌకర్యమే. కాని వివరం చేరడం వేరు, అది తప్పు లేకుండ నమోదు కావడం వేరు. తప్పుడు మోతాదు కూడ అంతే వేగంగా ప్రయాణం చేయగలదు.

భౌతికశాస్త్ర పరీక్షలో జవాబు సరిగా ఉన్నా ప్రమాణం వ్రాయకపోతే ఉపాధ్యాయుడు మార్కు తగ్గిస్తాడు. విద్యార్థికి అది చాదస్తంగా తోచవచ్చును. ఈ గ్రంథంలోని ఆ ఒక్క కథ తరగతిలో చెప్పినట్లయితే, అంకె ప్రక్కన ఉండే చిన్న మాట విలువ ఎంతటిదో ఎవరూ మరచిపోరు. తెరలను రూపొందించేవారు, వానికి నియమాలు చేసేవారు రేపు ఆ తరగతుల నుండియే రావలసి ఉన్నది.