ఐదుగురి ఊపిరి

కెనడియన్ బ్రాస్ అనగానే చాలామందికి వాళ్ల వేషమే గుర్తొస్తుంది: హుందా సూట్లు, కింద తెల్ల కాన్వాస్ బూట్లు, మధ్యమధ్య ఛలోక్తులు. 1970లో టొరంటోలో ట్యూబా వాద్యకారుడు చక్ డేలెన్‌బాక్, ట్రాంబోన్ వాద్యకారుడు జీన్ వాట్స్ మొదలుపెట్టిన ఈ బృందాన్ని జనంలోకి తెచ్చింది మాత్రం పనితనమే. రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా ఉన్న ఈ కూర్పుకు హైడన్, బీథోవెన్ రాసిపెట్టిన ఆస్తేమీ లేదు. రష్యన్ ఇంజినీరు విక్టర్ ఎవాల్డ్ రచనల్లాంటివి తప్ప పాత సరుకు తక్కువ. అందుకే ముందు సంగీతాన్ని తమ వాద్యాలకు మలుచుకోవాలి, తర్వాతే వాయించాలి. ట్రంపెటర్ ఫ్రెడ్ మిల్స్ బాఖ్ ఆర్గన్ రచన డి మైనర్ టొకాటా, ఫ్యూగ్‌ను అలాగే మలిచాడు. ఆర్గన్‌కు గాలి ఆగదు. మనిషి ఆగి ఊపిరి తీసుకోవాలి, పెదవులు అలసిపోతాయి. ఒకరు విడిచిన స్వరాన్ని మరొకరు అదే బిగువుతో అందుకోవాలి. కండక్టర్ ఉండడు, తప్పు దాక్కునే చోటూ ఉండదు.

ఇది అరువు సంగీతమనీ, నవ్వులతో గాంభీర్యం పోతుందనీ ఆక్షేపించేవాళ్లున్నారు. అరువంటారా, వివాల్డీ వయొలిన్ కచేరీ రచనలను ఆర్గన్‌కు మార్చుకున్నది బాఖే కదా! ఇక ఛలోక్తి శ్రుతి మించితే పాట వెనకబడుతుందన్నది నిజమే. కానీ ఆ రెండు నిమిషాల కబుర్లలోనే పెదవులకు విశ్రాంతి (శ్రోతలకు ఆ సంగతి తెలియనక్కర్లేదు), కొత్తవాళ్లకు బెరుకు పోయే వీలు. ఈసారి ఆ టొకాటా వినేటప్పుడు ట్రంపెట్ల మెరుపును కాసేపు వదిలి, అడుగున ట్యూబా ఏం మోస్తోందో వినండి.