తాళి, బ్లేడు

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే పాలమూరు అమ్మాయికి జోగిని అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు: దేవత పేరున తాళి కట్టి ఊరికి వదిలేసిన ఆడపిల్ల. ఖఫ్జ్ అంటే మాత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో పదిమందిని అడిగినా తెలియదనే అంటారు. ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా కుటుంబాల్లో ఆడపిల్లకు ఏడేళ్ల ప్రాయంలో జననాంగం మీద పెట్టే కోత అది. ఆ కుటుంబాలు మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

జోగిని ఆచారం మీద పోరులో బయటివాళ్ల చెయ్యి పెద్దది. కవి జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాద్ జిల్లా పల్లెల్లో తిరిగి జోగినులకు అండగా నిలబడ్డారు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. ఖఫ్జ్ మీద మాత్రం ముందు లేచినవి లోపలి గొంతులే. చాక్లెట్లు, ఐస్‌క్రీమ్ కొనిపెడతానని అవ్వ తీసుకెళ్తే, ఏడేళ్ల మాసూమా రనాల్వీ సంబరంగా వెంట నడిచింది. పెద్దయ్యాక ఆ రోజు జరిగిన కోత సంగతి సొంత పేరుతోనే బయటికి చెప్పింది, వీస్పీకౌట్ ఉద్యమాన్ని నడిపింది. 2015లో ఖఫ్జ్‌కు వ్యతిరేకంగా సహియో సంస్థ పుట్టింది. 2017లో ఖఫ్జ్‌ను నిషేధించాలని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, మరుసటి ఏడు అది రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. ప్రత్యేక చట్టం మాత్రం లేదు.

జోగినిగా మారేది పేద దళిత బిడ్డ. ఎల్లమ్మ పేరున కట్టిన తాళి ఆమెను ఊరి పెత్తందార్ల పాలు చేసింది. బోహ్రాలు చదువూ వ్యాపారమూ ఉన్నవాళ్లు. కాబట్టి డబ్బూ చదువూ వస్తే అన్నీ పోతాయనే మన నమ్మకం ఖఫ్జ్ దగ్గర ఆగిపోతుంది. అలాగే చట్టం వస్తే చాలనే నమ్మకం జోగిని దగ్గర ఆగిపోతుంది: 1988 తర్వాత కూడా గుట్టుగా తాళి కట్టారు.

రెండుచోట్లా పిల్లను చెయ్యిపట్టి తీసుకెళ్లేది చాలాసార్లు ఆమెను ప్రేమించే ఆడమనిషే. జోగిని విషయంలో అమ్మవారికి కోపం వస్తుందని భయం. ఖఫ్జ్ విషయంలో ఆ కాస్త చర్మం 'హరామ్ కీ బోటీ', అంటే పాపపు మాంసపు ముక్క, అని నమ్మకం. ఖఫ్జ్ హాని లేని మతాచారమని వాదించే బోహ్రా స్త్రీలూ ఉన్నారు. వాళ్ల భక్తిని నేను శంకించను. కానీ దీనివల్ల ఆరోగ్యానికి ఏ మేలూ లేదని, ఇది బాలికల హక్కుల ఉల్లంఘన అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. పైగా ఏడేళ్ల పిల్లను ఎవరూ అడగలేదు.

జోగిని పోరు ఖఫ్జ్ పోరుకు చట్టం విలువ చెబుతుంది. ఖఫ్జ్ పోరు జోగిని పోరుకు సొంత గొంతు విలువ చెబుతుంది. జోగిని పేరుతో దళితవాడను చిన్నచూపు చూడటం ఎంత తప్పో, ఖఫ్జ్ పేరుతో ఒక మతాన్ని తిట్టడమూ అంతే తప్పు. బోహ్రా ఆడపడుచు నోరు విప్పిన రోజున, జోగిని అక్కకు ఇచ్చినంత చెవి ఆమెకూ ఇవ్వండి.