పల్లమెరిగిన గీతలు

నీరు పల్లమెరుగు, సరే. పటం మీది నీలి గీతకు ఆ పల్లం సంగతి ఎవరు చెప్పాలి? అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ కూర్చిన 'నేషనల్ హైడ్రోగ్రఫీ డేటాసెట్' పనితనమంతా ఇక్కడే ఉంది. దిశ తెలిసిన ప్రతి వాగునూ ఎగువ నుంచి దిగువకే గీశారు. ట్యాంకరు బోల్తాపడి నూనె వాగులో కలిసిందనుకోండి. ఆ చోటు చూపిస్తే చాలు, కంప్యూటరు గీత వెంట గీత పట్టుకుని దిగి, ఆ నూనె ఏయే ఊళ్ల మంచినీటి పంపుల దాకా పోగలదో చెబుతుంది.

నాకు మరీ నచ్చింది చెరువుల దగ్గర చేసిన పని. వాగు చెరువులో కలిశాక ఇక దాని దారి ఏది? గీత అక్కడే ఆపేస్తే పై వాగులకూ కింది వాగులకూ లంకె తెగిపోతుంది. అందుకని చెరువు నడిమి గుండా, నీరు బయటికి పోయే చోటు దాకా ఒక కల్పిత మార్గం గీశారు. దాన్ని అసలు వాగని ఎవరూ పొరబడకుండా 'ఆర్టిఫిషియల్ పాత్' అని విడిగా గుర్తూ పెట్టారు. వెడల్పాటి నదుల్లోనూ ఇదే పద్ధతి. నీరు ఎటు పారుతుందో తేలని చోట మాత్రం దిశ నిర్ణయించకుండా అలాగే వదిలేశారు. ఊహించి ఏదో ఒక బాణం గుర్తు వేసెయ్యడం ఎంత తేలిక!

అంకెల కూర్పూ ముచ్చటైనదే. వాషింగ్టన్ నగరం ఉన్న ఉప పరీవాహక ప్రాంతం సంఖ్య 02070010. 02 అంటే మధ్య అట్లాంటిక్ ప్రాంతం. 0207 దగ్గరికొచ్చేసరికి పొటోమాక్ నది. ఎనిమిదంకెలూ చదివితే ఆ నది మధ్యభాగం, అందులో కలిసే అనకోస్టియా, ఆకొక్వాన్ నదుల నేల. మన పిన్‌కోడ్ లాంటిదే, కాకపోతే ఇక్కడ హద్దులు పెట్టింది మిట్టలూ గట్లూ. దీనికి మరో ఆరంకెలు చేరిస్తే ఒక్కో నదీ ఖండానికి 14 అంకెల గుర్తు. ఖండం దిగువ కొస 0, ఎగువ కొస 100. నీటిమట్టం కొలిచే గేజి ఫలానా ఖండంలో 37 దగ్గర ఉందని రాసుకుంటే, అది ఏ వాగుకు చెందిందో వెతుక్కోనక్కర్లేదు.

లోపం లేదని కాదు. గీతల్లో చాలా మటుకు 1:24,000 స్కేలు కాగితపు పటాల నుంచి వచ్చినవే. ఒక షీటు గీసినవాళ్లు సన్న వాగులను కూడా వదల్లేదు, పక్క షీటువాళ్లు పెద్దవాటితో సరిపెట్టారు. దాంతో నేల మారకపోయినా షీటు అంచు దాటగానే వాగులు పలచబడతాయి. 2023 అక్టోబరులో ఈ డేటాసెట్‌కు విశ్రాంతి ఇచ్చారు. దాని స్థానంలో వచ్చిన 'త్రీడీ హైడ్రోగ్రఫీ ప్రోగ్రామ్' లేజరు కిరణాలతో పనిచేసే లైడార్ కొలిచిన ఎత్తులను బట్టి వాగులను మళ్లీ గీస్తోంది. ఆ కొత్త పని ఇంకా అందని చోట్ల పాత గీతలే నడుస్తున్నాయి.