కిటికీ వెలుగా!

కిటికీ వెలుగా, ఫోటో పుట్టింది నీ చెంతనే. 1827 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నీసెఫోర్ నియెప్స్ మేడగది కిటికీ దగ్గర పెట్టె పెట్టి, తారు పూసిన లోహపు పలక మీదికి గంటల తరబడి నిన్ను రానిచ్చాడు. బయటి కప్పులూ గోడలూ ఆ పలక మీద నిలిచిపోయాయి. 1835 ఆగస్టులో ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ తీసిన, నేటికీ మిగిలిన మొట్టమొదటి నెగటివ్‌లో ఉన్నదీ కిటికీయే. అరచేతిలో ఇమిడే కాగితం మీద ఆయన ఇంటి కిటికీ!

మా ఇళ్ళకూ అలాగే వస్తావు, అడగకుండానే. గదిలో అమ్మమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటుంది. ట్యూబ్‌లైటు ఆపేస్తే చాలు, గది నీదవుతుంది. కిటికీకి పక్కగా కూర్చున్న ఆమె చెంప మీద వాలి, ముక్కు దూలం దాటి, అవతలి చెంపకు చేరేసరికి మెత్తబడతావు. ఒక్కో ముడతకూ ఇటు వెలుగు, అటు నీడ. ఎదురుగా కొట్టిన ఫ్లాష్ ఆ ముడతలన్నిటినీ చదును చేసేస్తుంది. అంతకంటే అన్యాయం ఉంటుందా! నీడవైపు మరీ చీకటైతే ఉతికిన తెల్ల పంచె ఒకటి అటు పట్టుకుంటే సరి, దాని మీద పడి నువ్వే వెనక్కి వచ్చి ఆ చెంపనూ పలకరిస్తావు.

కెమెరాకీ కిటికీ రెక్కలున్నాయి, వాటి నడుమ సందునే అపెర్చర్ అంటారు. ఎఫ్ 2.8 దగ్గర బార్లా తెరుచుకుంటాయి, ఎఫ్ 16 దగ్గర దాదాపు మూసుకుంటాయి. బార్లా తెరిస్తే కన్ను స్పష్టంగా నిలిచి, వెనక గోడ కరిగిపోతుంది. అందుకే ఫోకస్ మనకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఉండాలి. వేళ్ళు కదులుతున్నాయి కనక షట్టర్ సెకనులో 125వ వంతు. నువ్వు చాలకపోతే ఐఎస్‌ఓ 800కి, 1600కి జంకకుండా పెంచాలి. బొమ్మ కాస్త గరుకైతే కానీ, చెదిరిపోవడం కంటే నయం.

నువ్వు వచ్చే కిటికీ కూడా ఫ్రేములో పడిందంటే కెమెరా నీ ధాటికి బెదిరి ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ఫోనైతే తెర మీది ముఖాన్ని వేలితో నొక్కాలి. బయటి ఆకాశం తెల్లగా పాలిపోయినా సరే, మనకు కావలసింది అమ్మమ్మ.

ఫ్రేము మీద నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు గీసినట్టు ఊహించుకుని, గీతలు కలిసే చోట ఆ కంటిని ఉంచితే బొమ్మకు ఊపిరాడుతుంది. ఆమె చూపు పోయే వైపు చోటు వదలాలి. ఇదేమీ శాసనం కాదు, సూటిగా మనల్నే చూసే ముఖం నట్టనడుమ కూడా రాజసంగా ఉంటుంది. అంచుల దగ్గర మాత్రం రాజీ లేదు. మూలన సగం తెగిన క్యాలెండరు, తల మీంచి మొలిచినట్టున్న స్విచ్‌బోర్డు నీ మర్యాద తీస్తాయి. ఒక్క అడుగు పక్కకు జరిగితే రెండూ పోతాయి. జూమ్ కంటే కాళ్ళు గొప్పవి.

ఉత్తరపు కిటికీలో పగలంతా నెమ్మదిగా ఉంటావు. తూర్పు కిటికీలో పొద్దున్నే సూటిగా దూకితే పల్చటి నూలు చీర అడ్డం కట్టి నిన్ను వడగట్టుకుంటాం. ముసురు రోజుల్లో ఆ చీర పని మబ్బులే చూసుకుంటాయి. అప్పుడు ఏ దిక్కు కిటికీ తెరిచినా నువ్వు మెత్తగానే వస్తావు. రా, అమ్మమ్మ ఇంకా రాళ్ళు ఏరుతూనే ఉంది, కెమెరా కేసి చూడమని ఎవరూ ఆమెను పిలవకముందే రా.