హిదాయా పుట్టిన నేల, స్లావ్ శాఖల విద్యావేతనాలు

మన అరబ్బీ మదర్సాలలో పై తరగతులకు చేరిన ప్రతి విద్యార్థి చేతిలోనూ 'హిదాయా' ఉంటుంది. దాని కర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం 1197) ఫర్గానా లోయకు చెందినవారు. 'షరహె వికాయా' కర్త బుఖారావారు. 'అఖాయిదె నసఫీ'కి పేరిచ్చిన నసఫ్ నేడు ఉజ్బెకిస్తాన్‌లోని ఖర్షీ పట్టణం. ఇమామ్ బుఖారీ, ఇమామ్ తిర్మిజీల సంగతి సరే సరి. అయితే ఈ నేల చరిత్రను పరిశోధించదలచిన యువకుడు పాశ్చాత్య విశ్వవిద్యాలయాల తలుపు తట్టినప్పుడు, చాలా చోట్ల ఆ తలుపు మీద కనిపించే పేరు 'స్లావ్, యురేషియా అధ్యయన శాఖ'. ఉజ్బెకులు, కజఖులు, తాతారులు తుర్కీ జాతులవారు; తాజిక్కుల భాష ఫారసీ. వీరిలో స్లావులెవరూ లేరు. మరి వీరు ఆ గొడుగు కిందికి ఎలా వచ్చారు? దానివల్ల విద్యకు కలిగిన మేలెంత, కీడెంత?

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది: జార్లు ఆక్రమించారు గనుక. పండితుల దృష్టి కూడా సైన్యం వెళ్ళిన దారినే వెళ్ళింది. అమెరికాలో స్లావ్ అధ్యయనాల ప్రధాన సంఘం 1948లో ఏర్పడింది. 1957లో స్పుత్నిక్ ఎగిరిన మరుసటి యేడే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి విదేశీ భాషల బోధనకు ధనం కేటాయించారు. చట్టం పేరులోనే 'రక్షణ' అన్న మాట ఉన్నదని పాఠకులు గమనించాలి. 1983లో సోవియట్, తూర్పు ఐరోపా పరిశోధనల కొరకే 'టైటిల్ ఎయిట్' అనే మరో పథకం వచ్చింది. పై సంఘం తన పేరులో 'యురేషియా'ను చేర్చుకున్నది 2010లో మాత్రమే! ఇండియానా విశ్వవిద్యాలయం వంటి ఒకటి రెండు చోట్ల మధ్య ఆసియా భాషలకు ప్రత్యేక స్థానం లభించింది. అయితే దాని మూలం కూడా 1943 నాటి సైనిక భాషా శిక్షణలోనే ఉంది.

ధనం ఏ అవసరం కొరకు వచ్చిందో, ప్రశ్నలు ఆ అవసరానికి తగినట్లే పుట్టాయి. ముస్లిముల గురించి అడిగిన పెద్ద ప్రశ్న ఒకటే: వీరు మాస్కో మీద తిరగబడతారా? ఈ ప్రశ్నకు పెద్ద దిక్కు అలెగ్జాండర్ బెనింగ్సన్. ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. 1920కి పూర్వం రష్యా ముస్లిముల పత్రికలపై లెమెర్సియే-కెల్క్‌జేతో కలిసి ఆయన 1964లో వెలువరించిన గ్రంథం నేటికీ ఆధారమే. కాని 1983లో బ్రాక్సప్‌తో కలిసి రాసిన పుస్తకానికి 'సోవియట్ రాజ్యానికి ఇస్లామ్ ముప్పు' అని పేరు పెట్టే నాటికి పండితుని గొంతు సలహాదారు గొంతుగా మారిపోయింది. జరిగిందేమిటి? 1991 మార్చి ప్రజాభిప్రాయ సేకరణలో మధ్య ఆసియా రిపబ్లికులు 90 శాతానికి పైగా యూనియన్ నిలవాలనే ఓటు వేశాయి. ఆ యేడు డిసెంబరులో అందరికంటె చివర స్వాతంత్ర్యం ప్రకటించినది కజఖ్‌స్తాన్.

జోస్యం తప్పడం పెద్ద దోషం కాదు, ఎవరిదైనా తప్పవచ్చు. అసలు దోషం ఆధారాలలో ఉంది. మతవ్యతిరేక ప్రచారకులు రష్యన్‌లో రాసిన నివేదికలనే ఆధారం చేసుకొని ముస్లిముల విశ్వాసాన్ని కొలిచారు. 'అధికారిక ఇస్లామ్', 'సమాంతర ఇస్లామ్' అనే విభజన కూడా అక్కడి అధికారుల చూపు నుండి వచ్చినదే. ఇండియానాకు చెందిన డెవిన్ డివీజ్ 2002లో యాకొవ్ రోయి గ్రంథంపై రాసిన సుదీర్ఘ సమీక్షలో ఈ వారసత్వాన్ని నిర్దాక్షిణ్యంగా ఎండగట్టాడు. రోయి పుస్తకం 2000లో వెలువడింది, అంటే సోవియట్ యూనియన్ పోయిన తరువాత. రాజ్యం కూలినా చూపు కూలలేదన్నమాట.

మంచి పుస్తకాలు లేకపోలేదు. మైకేల్ కెంపర్ 1998లో జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథం 1789 నుండి 1889 వరకు తాతార్, బష్కీర్ ప్రాంతాల సూఫీలను, ఉలమాలను వారి అరబ్బీ, తాతార్ రచనల ద్వారానే పరిచయం చేస్తుంది. మన విద్యార్థి చదివే 'అఖాయిదె నసఫీ'కి కజాన్‌లో షిహాబుద్దీన్ మర్జానీ (1818–1889) వ్యాఖ్య రాశారని మనలో ఎందరికి తెలుసు? అదే యేడు వచ్చిన అదీబ్ ఖాలిద్ గ్రంథం జదీద్ సంస్కర్తలపై ప్రామాణికమైనది, చదవదగినది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. జదీదులు పత్రికలు నడిపారు గనుక వారి గొంతు మనకు బాగా వినిపిస్తుంది. వారితో విభేదించిన ఆలిముల వాదం ఫిఖ్హ్ గ్రంథాల అంచులలో, అరబ్బీ, ఫారసీ వ్యాఖ్యలలో మిగిలిపోయింది. దానిని చదవగలిగినవాడు హిదాయాను గురువు ముందు కూర్చుని చదివినవాడే.

ఇక ధనం సంగతి. 'టైటిల్ ఎయిట్' ప్రధానంగా అమెరికా పౌరుల కొరకు ఉద్దేశించినది. దాని నిధులు 2013లో ఆగి, 2015లో మళ్ళీ మొదలయ్యాయి. 1974లో పుట్టిన కెనన్ సంస్థకు ఆశ్రయమైన విల్సన్ కేంద్రాన్ని వీలైనంత కుదించమని 2025 మార్చిలో అధ్యక్షుని ఉత్తర్వు వెలువడింది. రాజకీయ అవసరం పెట్టిన దీపాన్ని రాజకీయ అవసరమే ఆర్పుతుంది. జపాన్‌లో 1955లో ఏర్పడిన హొక్కయిదో విశ్వవిద్యాలయ స్లావ్ పరిశోధన కేంద్రం 2014లో తన పేరుకు యురేషియాను చేర్చుకుంది. అది విదేశీ పండితులను ఆహ్వానిస్తుంది. పౌరసత్వం అడ్డు కాదు. రష్యా ప్రభుత్వం కూడా విదేశీ విద్యార్థులకు ఉచిత బోధనతో సీట్లు ఇస్తుంది. అయితే 2022 ఫిబ్రవరి తరువాత అక్కడి గ్రంథాలయాలు, పురాలేఖాగారాలు పాశ్చాత్య పరిశోధకులకు దాదాపు దూరమయ్యాయి. తాష్కెంట్‌లోని అల్ బీరూనీ ప్రాచ్య విద్యాసంస్థలో భద్రపరచిన వేలాది రాతప్రతుల విలువ అందువల్ల మరింత పెరిగింది.

మన దేశంలో? కశ్మీర్ విశ్వవిద్యాలయంలో మధ్య ఆసియా అధ్యయన కేంద్రం 1978 నుండి ఉంది. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాదులోనే ఇఫ్లూలో రష్యన్, ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబ్బీ, ఫారసీ నేర్పుతారు. రెండవది కొన్ని మదర్సాల సనదులను ప్రవేశానికి అంగీకరిస్తుంది కూడా. నిజాముల మూలపురుషుడు, 1687లో గోల్కొండ ముట్టడిలో మరణించిన ఖ్వాజా ఆబిద్ సమర్కంద్ ప్రాంతం నుండి వచ్చినవాడే. ఇన్ని ఉన్నా, మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా ఉండిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. ఆ లోటు తీర్చేది ఏదీ నాకు కనిపించడం లేదు. వక్ఫ్ ఆస్తుల గురించి సభలు జరిపే మన పెద్దలు ఏడాదికి ఒక్క విద్యార్థికైనా రష్యన్ నేర్పించే ఖర్చు భరించగలరు.

ఏ శాఖా తనదిగా తలచని ఒక విషయాన్ని ఉదాహరణగా చెబుతాను. తాతార్ ఆలిమ్ మూసా జారుల్లాహ్ బిగీ (1875–1949) రష్యా వదలి వచ్చి, పెషావరులో బ్రిటిషు వారి చెరలో ఉండి, భోపాలులో కొంతకాలం గడిపారు. మక్కాలో మౌలానా ఉబైదుల్లాహ్ సింధీ చెప్పిన ఖుర్‌ఆన్ వ్యాఖ్యను లిఖించింది ఆయనే. ఈ కథ రాయాలంటే అరబ్బీ, తాతార్, ఉర్దూ, రష్యన్ నాలుగూ కావాలి. మన యువకునికి రెండు ముందే వచ్చు. పాశ్చాత్య విద్యార్థి రష్యన్‌తో మొదలుపెట్టి, అరబ్బీ దాకా వచ్చేసరికి విద్యావేతనం గడువు తీరిపోతుంది. కాబట్టి దరఖాస్తు రాసే మన యువకుడు అరబ్బీ, ఫారసీలను చివర 'ఇతర భాషలు' అనే గడిలో పడవేయరాదు. తాను గురువు ముందు చదివిన గ్రంథాల పేర్లు, వాటి కర్తల ఊళ్ళు మొదటి పేరాలోనే రాసి, రష్యన్ ఎన్నాళ్ళలో నేర్చుకోగలడో దాని కింద చెప్పాలి.