ఉక్కు మీద ఒక చుక్క నూనె

మిర్చి కళ్లాలు ఎర్రగా కాగే గుంటూరు ఎండలో, చెమట చేత్తో పట్టి తుడవకుండా వదిలేస్తే ఉక్కు పిస్టల్‌కి తుప్పు తప్పదు. అందుకే సాయుధ పోలీసుల్లో ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ పనంటే నాకు గౌరవం. ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో తయారైన 9 ఎంఎం పిస్టల్ 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్ నమూనా. ఒళ్లంతా ఉక్కే, కిలోకి కాస్త అటూ ఇటూ. విప్పాలి, తుడవాలి, పలచగా నూనె రాయాలి. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ 17 పిస్టల్‌కైతే ఫ్రేము పాలిమర్. ఖాళీగా ముప్పాతిక కిలో కూడా తూగదు. ఫ్రేముకి చెమట బెంగ లేదు. గొట్టం, స్లైడు మాత్రం ఉక్కువే, నూనె సీసా అటకెక్కదు. చేతికి నిండుగా ఉండేది పాతదేనంటాను.

తుపాకులు సేకరించే సరదాకి మన దేశంలో దారి ఇరుకు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకి రెండే తుపాకులు. ఎన్నికలొస్తే సాధారణంగా అవీ స్టేషన్‌లో అప్పగించాల్సిందే.